2025 నాటికి

మా అమ్మమ్మ మా అమ్మని ‘వదినా’ అని పిలవడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మొదట్లో అమ్మ సరిదిద్దేది. “నేనమ్మా, నీ కూతుర్ని” అనేది. అలా అన్నప్పుడల్లా అమ్మమ్మ ముఖంలో భయం కనిపించేది, ఎవరో పరాయి మనిషి ఇంట్లో దూరి కూతుర్నని చెప్పుకుంటున్నట్టు. కొన్నాళ్లకి అమ్మ సరిదిద్దడం మానేసింది. ఇప్పుడు ‘వదినా’ అంటే ‘ఊఁ, చెప్పు’ అంటుంది. ఎప్పుడో పోయిన మేనత్త పాత్రలో మా అమ్మ రోజుకి నాలుగైదు గంటలు నటిస్తోంది.

ఒకరోజు ఫోన్లో అడిగింది: “దీనికి అమెరికాలో మందు కనిపెట్టారంటగా? పేపర్లో వేశాడు. నువ్వు కాస్త చూసి చెప్పు నాన్నా.”

చూద్దామని కూర్చున్నాను. మందు కోసం వెతుకుతుంటే దాని వెనక ఒక చట్టం, ఆ చట్టం చేతిలో ఒక ప్రణాళిక దొరికాయి. అల్జైమర్స్‌ని ఎదుర్కోడానికి అమెరికా ప్రభుత్వం రాసుకున్న జాతీయ ప్రణాళిక. కథలూ నవలలూ చదివే అలవాటు ఊరికే పోదు కదా, దాన్ని కూడా ఒక పుస్తకంలాగే చదివాను. కథ ఎవరు చెబుతున్నారు, ఎవరి గురించి చెబుతున్నారు, క్రియలు ఏ కాలంలో ఉన్నాయి, ఎవరికి మాటలున్నాయి ఎవరికి లేవు. ప్రభుత్వ పత్రం కూడా ఒక సాహిత్య ప్రక్రియే అని నా నమ్మకం. మనం సరదాకి చదవం, అంతే తేడా. చదవకపోయినా మన ఇళ్లలో ఎవరు రాత్రుళ్లు మేలుకుంటారో అదే నిర్ణయిస్తుంది.

*

ముందు కథ క్లుప్తంగా. 2011 జనవరి 4న ఒబామా ‘నేషనల్ అల్జైమర్స్ ప్రాజెక్ట్ యాక్ట్’ మీద సంతకం పెట్టాడు. 2012 మేలో మొదటి ప్రణాళిక వచ్చింది. అందులో ఐదు లక్ష్యాలు. 2025 నాటికి అల్జైమర్స్‌ని నివారించడం, సమర్థంగా చికిత్స చెయ్యడం మొదటిది. సంరక్షణ నాణ్యతని మెరుగుపరచడం రెండోది. రోగులకీ కుటుంబాలకీ ఆసరా పెంచడం మూడోది. జనంలో అవగాహన నాలుగు, లెక్కలు సరిగ్గా సేకరించడం ఐదు. 2021లో ఆరోది చేరింది: ఆరోగ్యకరమైన వృద్ధాప్యం, ముప్పు తెచ్చే కారణాలని తగ్గించడం. ప్రణాళికని ఏటా సవరిస్తూ ఉండాలని చట్టమే చెప్పింది. అంటే ఇదొక సీరియల్. ఏడాదికో భాగం.

ఆ ఐదింటినీ ఇంకోసారి చదవండి. తేదీ ఉన్నది ఒక్కదానికే. మిగతావి మెరుగుపరచడం, పెంచడం, విస్తరించడం. ఎప్పటిలోగా, ఎంత అనేది ఆ వాక్యాల్లో లేదు. వాటి కింద చిన్న చిన్న పనుల జాబితాలున్నాయి, వాటిలో కొన్నిటికి గడువులూ ఉన్నాయి, నిజమే. కానీ ఒక పుస్తకంలో అట్ట మీద ఏం రాశారో లోపలి పేజీల ఫుట్‌నోట్‌లో ఏం రాశారో ఒకటే బరువుతో చదవం కదా. పెద్దక్షరాల్లో తేదీ దొరికింది మందుకి. మనిషిని చూసుకోడానికి దొరకలేదు.

నా ఫిర్యాదంతా ఇదే. కానీ ఫిర్యాదు చేసేముందు ఆ తేదీ ఎందుకు పెట్టారో అర్థం చేసుకోవాలి, ఎందుకంటే అది పనిచేసింది కూడా.

*

దీనికి మూలాలు 1970లలో ఉన్నాయి. అప్పటిదాకా ‘అల్జైమర్స్’ అంటే అరుదైన జబ్బు, యాభైలలోనో అరవైలలోనో వచ్చేది. అలోయిస్ అల్జైమర్ 1906లో వర్ణించిన ఫ్రాంక్‌ఫర్ట్ రోగి ఆగస్టె డెటర్ కూడా అప్పటికి అంత పెద్ద వయసుది కాదు. ఎనభై ఏళ్ల ముసలాళ్లకి వచ్చే మతిమరుపుని ‘సెనిలిటీ’ అని పక్కన పెట్టేసేవాళ్లు. మన భాషలో చెప్పాలంటే, చాదస్తం. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ అనే న్యూరాలజిస్టు ఒక వైద్య పత్రికలో సంపాదకీయం రాశాడు. ఈ రెండూ వేరు కాదు, ఒకే జబ్బు, దీన్ని పెద్ద ప్రాణాంతక వ్యాధుల్లో ఒకటిగా లెక్కించాలి అని. ఒక్క సంపాదకీయంతో లక్షలమంది ముసలివాళ్లు రోగులయ్యారు. ఇది మామూలు విషయం కాదు. ఒక పేరు మారితే ఎవరి కింద ఎంత డబ్బు కదులుతుందో చూపించే సంఘటన.

అదే కాలంలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ పుట్టింది, 1974లో. మొదటి డైరెక్టర్ రాబర్ట్ బట్లర్. వయసుని బట్టి మనుషుల్ని చిన్నచూపు చూడటానికి ‘ఏజిజం’ అనే మాటని సృష్టించినవాడు ఈయనే. ముసలితనం మీద పుస్తకం రాసి 1976లో పులిట్జర్ తెచ్చుకున్నవాడు. అలాంటి మనిషికి కూడా ఒక విషయం అర్థమైంది. ‘వృద్ధాప్యం’ మీద పరిశోధనకి డబ్బులివ్వండి అంటే కాంగ్రెస్‌లో ఎవరూ కదలరు. ఒక జబ్బు పేరు చెప్పాలి, దానికో శత్రువు ముఖం తగిలించాలి. అందుకే తన సంస్థ బరువంతా అల్జైమర్స్ వెనక పెట్టాడు. నిక్సన్ 1971లో క్యాన్సర్ మీద చట్టం చేసినప్పటినుంచీ అక్కడ డబ్బు వచ్చేది యుద్ధభాషకే.

పక్కన ఒక చిన్న కథ. 1983లో నవంబరుని జాతీయ అల్జైమర్స్ మాసంగా ప్రకటించింది రొనాల్డ్ రీగన్. పదకొండేళ్ల తర్వాత అదే నవంబరులో తనకి అల్జైమర్స్ వచ్చిందని దేశ ప్రజలకి ఉత్తరం రాసిందీ ఆయనే. ఏ నవలాకారుడైనా ఇలా రాస్తే మరీ అతికించినట్టుంది అనేవాళ్లం.

కాబట్టి 2012లో ‘2025 నాటికి’ అని రాసినవాళ్లు అమాయకులేం కాదు. తేదీ లేని కోరికని బడ్జెట్ కమిటీ చదవదని వాళ్లకి తెలుసు. చంద్రుడి మీదకి మనిషిని పంపడానికి కెనెడీ పెట్టిన గడువు ఆ దేశంలో ప్రతి ప్రణాళిక రచయితకీ ఆదికావ్యం లాంటిది. తేదీ పెట్టాక ఏమైందో చూడండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నుంచి అల్జైమర్స్, సంబంధిత డిమెన్షియాల పరిశోధనకి 2011లో సుమారు 45 కోట్ల డాలర్లు వచ్చేవి. 2024కి అది 380 కోట్ల దగ్గరికి చేరింది. ఎనిమిది రెట్లకి పైగా. 2013 డిసెంబరులో లండన్‌లో జి8 దేశాలు కూర్చుని ఇదే 2025ని తమ గడువుగా కూడా పెట్టుకున్నాయి. ఒక దేశపు ప్రణాళికలోని వాక్యం అంతర్జాతీయ వాక్యమైంది. శైలిగా చూస్తే ఇది గొప్ప విజయం. నాలుగు పదాల వాక్యం ఇంత డబ్బు తెచ్చిన సందర్భాలు సాహిత్యంలో నాకు గుర్తులేవు.

*

మరి 2025 వచ్చింది. వెళ్లింది కూడా.

మందులు రాలేదని కాదు. 2003లో మెమాంటిన్ తర్వాత 2021 దాకా అమెరికాలో కొత్త అల్జైమర్స్ మందేదీ ఆమోదం పొందలేదు. 2021 జూన్‌లో అడ్యుకనుమాబ్‌కి ఆమోదం దొరికింది. దాని కథ చదివితే ప్రణాళికలో తేదీ ఎంత బలంగా లాగుతుందో తెలుస్తుంది. అంతకుముందు నవంబరులో నిపుణుల సలహా సంఘంలో ఒక్కరంటే ఒక్కరు కూడా మందు పనిచేస్తుందనడానికి ప్రధాన ప్రశ్న మీద అవునని ఓటెయ్యలేదు. అయినా ఆమోదం వచ్చింది. ముగ్గురు సలహాదారులు రాజీనామా చేశారు. ఏడాదికి 56,000 డాలర్లన్న ధరని ఆర్నెల్లకే సగానికి తగ్గించారు. 2024 జనవరిలో కంపెనీయే దాన్ని వదిలేస్తున్నానంది. ఆమోదించినవాళ్ల మనసులో 2025 ఉందని నేను నిరూపించలేను. కానీ ఒక దశాబ్దం పాటు కౌంట్‌డౌన్ నడిచిన గదిలో గడియారం చప్పుడు ఎవరికీ వినపడలేదంటే నమ్మడం కష్టం.

తర్వాత 2023లో లెకానెమాబ్, 2024లో డోనానెమాబ్ వచ్చాయి. మా అమ్మ పేపర్లో చదివింది వీటి గురించే. లెకానెమాబ్ జబ్బు ముదరడాన్ని 27 శాతం నెమ్మదింపజేసిందని వార్త. ఆ 27 శాతం ఏమిటో విప్పి చూద్దాం. 18 పాయింట్ల కొలబద్ద మీద, ఏడాదిన్నర తర్వాత, మందు తీసుకున్నవాళ్లకీ తీసుకోనివాళ్లకీ తేడా 0.45 పాయింటు. అందుకు రెండు వారాలకోసారి సెలైన్ ఎక్కించుకోవాలి, మధ్యమధ్యలో మెదడు స్కాన్‌లు తీయించుకోవాలి. మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మందికి స్కాన్‌లో మెదడు వాపు కనబడింది, చాలామందికి లక్షణాలేమీ లేకపోయినా. పైగా ఇది జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకే. ఆ దశ దాటేసిన మా అమ్మమ్మకి దీంతో పనిలేదు. ఆ మాట అమ్మకి చెప్పాను. “పోన్లే, సూదులు తప్పాయి” అంది.

ఈ మందులన్నీ మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ని తొలగించడం మీద ఆధారపడ్డవి. ఆ సిద్ధాంతానికి ఊపునిచ్చిన వాటిలో ఒకటి 2006లో ‘నేచర్’లో వచ్చిన పేపర్. అందులో బొమ్మల్ని మార్చారన్న అనుమానాలని 2022లో ‘సైన్స్’ పత్రిక బయటపెట్టింది. 2024లో ఆ పేపర్‌ని ఉపసంహరించుకున్నారు. ఒక్క పేపర్ పడిపోయినంత మాత్రాన సిద్ధాంతమంతా కూలిపోదు, వాట్సాప్‌లో తిరిగినంత సంచలనం అందులో లేదు. అయినా ఒకే దారిలో అంతమంది, అంత డబ్బు, అన్నేళ్లు నడవడానికి గడువు ఒత్తిడి కొంత కారణమే అనుకుంటాను. తొందరలో ఉన్నవాడు అప్పటికే జనం నడుస్తున్న బాటే పడతాడు.

ఇంతకీ ఆ తేదీ ఏమైంది? 2024 అక్టోబరులో కొత్త చట్టంతో ప్రాజెక్టుని 2035 దాకా పొడిగించారు. 2025 నాటికి 75 శాతం దేశాలకి డిమెన్షియా మీద జాతీయ విధానం ఉండాలని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లక్ష్యం కూడా చేరలేదు. 2021లో లెక్క చూసినప్పుడు నాలుగో వంతు దేశాల దగ్గరే ఏదో ఒకటి ఉంది. 2025 మేలో దాన్నీ 2031కి జరిపారు. పొడిగించడం తప్పని నేననను. సైన్స్ మన క్యాలెండర్ చూసి నడవదు. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. సీరియల్‌లో ప్రధాన వాగ్దానం తప్పినప్పుడు ఏదో ఒక భాగంలో కథకుడు ఆగి పాఠకుడి కళ్లలోకి చూడాలి. పదమూడేళ్లుగా ‘ఇంకొన్నాళ్లే’ అని ఎదురుచూసిన కుటుంబాలకి ఆ ఒక్క పేరా బాకీ. అలాంటి పేరా నాకు కనబడలేదు.

*

ఇక రెండు, మూడు లక్ష్యాలు. కథలో అసలు మనుషులుండే చోటు.

అమెరికాలో పెద్దవాళ్లకి అందే సాయంలో 83 శాతం జీతంలేని చేతులదే: కుటుంబం, స్నేహితులు. డిమెన్షియా ఉన్నవాళ్లని చూసుకునేవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఆడవాళ్లు. 2023లో వీళ్లు ఇచ్చిన సమయం 1,840 కోట్ల గంటలని అక్కడి అల్జైమర్స్ అసోసియేషన్ లెక్కగట్టింది. దాన్ని డాలర్లలోకి మారిస్తే దాదాపు 34,660 కోట్లు. పరిశోధనకి ఇచ్చే 380 కోట్ల పక్కన దీన్ని పెట్టి చూడండి. ప్రణాళిక అసలు ఎవరి భుజాల మీద నడుస్తోందో తెలుస్తుంది.

2011 చట్టం ఒక సలహా మండలిని ఏర్పాటు చేసింది. ప్రభుత్వం బయటినుంచి పన్నెండు మంది సభ్యులు: ఇద్దరు పరిశోధకులు, ఇద్దరు వైద్యసేవలు అందించేవాళ్లు, ఇద్దరు రాష్ట్రాల ఆరోగ్య శాఖల నుంచి, ఇద్దరు స్వచ్ఛంద సంస్థల నుంచి, ఇద్దరు సంరక్షకులు, ఇద్దరు రోగుల తరఫున మాట్లాడేవాళ్లు. రోగుల ‘తరఫున’. చట్టం రాసినవాళ్ల ఊహలో ఆ కుర్చీలో రోగి లేడు. జబ్బు ఉన్న మనిషి మాట్లాడలేడని, అతని కథ ఇంకెవరో చెప్పాలని ముందే ఒప్పేసుకున్న వ్యాకరణం అది. తొలిదశలో ఉన్నవాళ్లు ఎంత స్పష్టంగా మాట్లాడగలరో తర్వాతి ఏళ్లలో అక్కడే రుజువైంది. కానీ మొదటి చిత్తుప్రతిలో వాళ్లు లేరన్నది మర్చిపోకూడదు.

‘రెస్పైట్’ అనే మాట ఈ పత్రాల్లో తరచుగా కనిపిస్తుంది. చూసుకునేవాళ్లకి కాసేపు విడుదల, ఇంకెవరో వచ్చి ఆ నాలుగు గంటలు చూసుకోవడం. దీనికి మన అధికారిక తెలుగులో ఏ పరిభాష పెడతారో గానీ మా అమ్మ దగ్గర మాట ఉంది. “కాస్త తెరిపి ఇస్తే చాలు” అంటుంది. వాన తెరిపిచ్చినట్టు. ఆగిపోవడం కాదు, మళ్లీ కురుస్తుందని తెలుసు. ఈలోగా బట్టలు తీసుకోవచ్చు, కొట్టుకెళ్లి రావచ్చు.

2024 జులైలో అమెరికా మెడికేర్ ‘గైడ్’ అనే ప్రయోగం మొదలుపెట్టింది, ఎనిమిదేళ్లపాటు. జబ్బు ముదిరిన కొందరి కుటుంబాలకి తెరిపి కోసం ఏడాదికి 2,500 డాలర్ల దాకా ఇస్తుంది. లెకానెమాబ్ ధర ఏడాదికి 26,500 డాలర్లు. ఒక సున్నా తక్కువ కాదు, ఎక్కువ కాదు, మధ్యలో ఒక 6 తేడా. నేనేమీ కల్పించలేదు, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టానంతే. ఆ మందుకి మెడికేర్ డబ్బులిస్తుంది. రోజూ స్నానం చేయించి, అన్నం తినిపించే దీర్ఘకాల సంరక్షణకి మాత్రం మామూలుగా ఇవ్వదు.

దీనికి ఎదురువాదన ఒకటుంది, బలమైనదే. జబ్బుని ఆపకపోతే ఎంతమందిని చూసుకుంటూ పోతాం, రోగుల సంఖ్య పెరిగేకొద్దీ ఎంత తెరిపి ఇచ్చినా చాలదు, కాబట్టి ముందు మూలం దగ్గర కొట్టాలి అంటారు. పోలియోకి ఇనప ఊపిరితిత్తులు కొనుక్కుంటూ కూర్చుంటే టీకా వచ్చేదా అని అడుగుతారు. ఒప్పుకుంటాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, ఆ పరిశోధన డబ్బంతా మందులకే పోలేదు, సంరక్షణ ఎలా చెయ్యాలన్న పరిశోధనకీ కొంత వెళ్లింది. కానీ పోలియో పోలిక ఇక్కడ కుదరదు. ఇది దశాబ్దాల పాటు నెమ్మదిగా పెరిగే జబ్బు. ఒక్క సూదితో పోయే సూచనలేవీ లేవు. అద్భుతమైన మందు రేపే వచ్చినా ఇప్పటికే ముదిరినవాళ్లు కోట్లలో ఉంటారు. వాళ్లని భవిష్యత్కాలంలో చూసుకోలేం. వాళ్లకి ఆకలి వర్తమానంలో వేస్తుంది.

*

ప్రణాళిక వేరేలా కూడా రాయొచ్చు అనడానికి జపాన్ ఉంది. అక్కడ మొదలుపెట్టింది మాటతో. డిమెన్షియాకి అంతకుముందు వాడిన ‘చిహో’ అనే పదంలోని రెండు అక్షరాలకీ బుద్ధిహీనత అనే అర్థమే. 2004లో ప్రభుత్వం దాన్ని తీసేసి ‘నించిషో’ అనే కొత్త పదం పెట్టింది. గ్రహణశక్తికి సంబంధించిన స్థితి అని దాని భావం. మరుసటి ఏడాది నుంచి మామూలు జనానికి, బ్యాంకు ఉద్యోగులకి, దుకాణదారులకి, బడిపిల్లలకి గంటన్నర శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. దారి తప్పిన ముసలాయన కనబడితే ఎలా పలకరించాలి, ఒకే వస్తువు నాలుగోసారి కొంటున్న ఆవిడతో ఏమనాలి, ఇలాంటివి. కోటి మందికి పైగా ఆ శిక్షణ తీసుకున్నారు. 2023లో డిమెన్షియా మీద మూలచట్టం చేశారు. జబ్బుతో ఉన్న మనిషి గౌరవంగా, ఆశతో బతకగలగడం దాని ఉద్దేశం. వాక్యనిర్మాణం గమనించండి. అమెరికన్ వాక్యంలో కర్మ స్థానంలో జబ్బు ఉంది, దాన్ని నివారించాలి. జపాన్ వాక్యంలో కర్త స్థానంలో మనిషి ఉన్నాడు, బతకాలి. జపాన్‌ని మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు. అక్కడా చూసుకునే చేతులు చాలక అవస్థ పడుతున్నారు. లెకానెమాబ్ తయారీలో ఒక జపాన్ కంపెనీ ఉందన్నదీ మర్చిపోకూడదు. అయినా ఒక పత్రం మొదటి వాక్యంలో ఎవర్ని నిలబెడుతుందన్నది చిన్న విషయం కాదు.

మన దగ్గర మాటల సంగతి చూస్తే దిగులేస్తుంది. పత్రికలు డిమెన్షియాని ‘చిత్తవైకల్యం’ అని రాస్తాయి. ‘చిహో’కి ఇదేం తీసిపోదు. ఇంట్లో మాటలు ఇంకా సూటిగా ఉంటాయి: మతిపోయింది, చాదస్తం, వెర్రి. సినిమాల్లో సరేసరి. తలకి దెబ్బ తగిలితే గతం మర్చిపోవడం, ఇంకో దెబ్బ తగిలితే గుర్తుకు రావడం. యాభై ఏళ్లుగా మతిమరుపు మన తెరమీద ఒక ఇంటర్వెల్ ట్విస్టు. అమ్మమ్మని మొదటిసారి చూపించినప్పుడు డాక్టరుగారు కూడా మందుల చీటీ రాస్తూ “వయసు కదమ్మా” అన్నారు. 1976కి ముందు అమెరికాలో ఏమనేవాళ్లో సరిగ్గా అదే మాట.

*

భారతదేశానికి జాతీయ డిమెన్షియా ప్రణాళిక లేదు. అల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ 2010లోనే దేశవ్యాప్త నివేదిక రాసి ప్రభుత్వం ముందు పెట్టింది. 2014లో కేరళ తనవరకు తాను ఆ సొసైటీతో కలిసి రాష్ట్రస్థాయి కార్యక్రమం మొదలుపెట్టింది. 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అంటే సుమారు 88 లక్షలమంది. 2036కి కోటీ అరవై తొమ్మిది లక్షలవుతారని అంచనా. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, నగరాలకంటే పల్లెల్లో ఎక్కువ. స్కాన్ మిషన్లున్నది ఎక్కడో, జబ్బున్నది ఎక్కడో.

ప్రణాళిక లేదంటే ఏమీ రాసిలేదని కాదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. డిమెన్షియా కోసం చేసింది కాదు గానీ ముసలివాళ్లని ఎవరు చూడాలన్న ప్రశ్నకి మన రాజ్యం ఇచ్చిన జవాబు అదే. దాన్ని కూడా పాఠంగా చదవండి. పెద్దవాళ్లని వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా. ‘సంతానం’ అంటే ఎవరో నిర్వచించారు: కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు ఆ జాబితాలో లేదు. తెలుగిళ్లలో మంచం పక్కన నిజంగా కూర్చునేది ఎవరో తెలిసినవాళ్లకి ఇది చదివితే నవ్వొస్తుంది. 2019లో అల్లుడినీ కోడలినీ చేర్చాలని బిల్లు పెట్టారు, బాధ్యుల జాబితాలో. తెరిపి ఇవ్వాల్సినవాళ్ల జాబితా ఒకటి రాయాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అమెరికన్ ప్రణాళిక చూసుకునే మనిషికి తేదీ ఇవ్వకపోయినా కనీసం లక్ష్యంలో చోటిచ్చింది. మనం సెక్షన్ ఇచ్చాం.

ఇక్కడ హైదరాబాద్ గురించి చెప్పకపోతే అన్యాయం. 2013లో సువర్ణ అల్లాడి బృందం నిమ్స్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి ఒక పేపర్ రాసింది. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురానివాళ్లలో కూడా. తెలుగు, దక్కనీ, హిందీ కలగలిపి మాట్లాడే ఊళ్లోనే ఇది కనబడటం యాదృచ్ఛికం కాదు. రెండో భాషని బడి ఫీజు కట్టి కొనుక్కోకుండా వీధిలో నేర్చుకునేవాళ్లు ఉండాలి ఇలాంటి పరిశోధనకి. దీన్ని పట్టుకుని ‘రెండు భాషలు నేర్చుకోండి, అల్జైమర్స్ రాదు’ అని రీల్స్ చేస్తున్నారు, అది వేరే గోల. ఆలస్యమైంది అన్నారు, రాదనలేదు. కానీ లెకానెమాబ్ 0.45 పాయింటు పక్కన ఈ నాలుగున్నరేళ్లని తలుచుకుంటే ముచ్చటేస్తుంది. రెండూ ఒకే రకం కొలతలు కావు, పోల్చకూడదు, తెలుసు.

ఇంకో పని కూడా జరిగింది. జ్ఞాపకశక్తి పరీక్షలు చాలావరకు ఇంగ్లిషులో, చదువుకున్నవాళ్ల కోసం తయారైనవి. గడియారం బొమ్మ గీయమంటారు, ఏడులు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంటారు. పలక పట్టని మనిషి అందులో తప్పితే అది జబ్బా, బడికి పంపని ఊరి తప్పా? ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో ఐదు భారతీయ భాషల్లో, చదువురానివాళ్లకి కూడా సరిపడేలా కొత్త పరీక్షలు తయారుచేశారు. వాటిలో తెలుగు ఒకటి. ఇవి జిల్లా ఆస్పత్రి దాకా, ఆశా కార్యకర్త దాకా రావాలంటే ఎవరో ఒకరు ప్రణాళిక అనేది రాయాలి. రాసేవాళ్లకి నాదో మనవి. తేదీ పెట్టండి, అమెరికా దగ్గర నేర్చుకోవాల్సింది అదే, తేదీ పెట్టిన చోటికే డబ్బు వెళ్తుంది. దాన్ని మందు పక్కన ఒక్కచోటే పెట్టకండి. ఫలానా ఏడాదికి ప్రతి మండలంలో పగటిపూట పెద్దవాళ్లని చూసుకునే ఒక గది, అని రాయండి. అది తప్పితే తప్పిందని అందరికీ కనబడుతుంది, సైన్స్ మీదకి నెట్టెయ్యడం కుదరదు.

*

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. సాయంత్రం ఆరయ్యేసరికి అమ్మమ్మ లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంది. “వదినా, పొద్దుపోయింది, మా ఇంటికెళ్దాం పద” అంటుంది. తను పుట్టిన ఊళ్లో ఆ ఇల్లు పడగొట్టి పాతికేళ్లయింది. అమ్మ కాదనదు. చెప్పులేసుకుని, చెయ్యి పట్టుకుని వీధి చివరి పాలకేంద్రం దాకా నడిపించి, అక్కడ ఆగి, “వచ్చేశాం, పద లోపలికి” అని మళ్లీ మా గుమ్మం దగ్గరికే తీసుకొస్తుంది. అమ్మమ్మ నమ్ముతుంది.

ఆ రోజు నేను తీసుకెళ్తానన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. పాలకేంద్రం దాకా వెళ్లి, కాసేపు నిలబడి, తిరిగొచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. అమ్మ ముందుగదిలో ఫ్యాను కింద, టీవీ పెట్టకుండా, ఊరికే కూర్చుని ఉంది.

“అప్పుడే వచ్చేశారా?” అంది.